ప్లాస్టర్ మార్చారు, పైకప్పుని చూడలేదు: డొమినికన్ రిపబ్లిక్‌లో భవనాల భద్రత

సముద్రపుగాలి (సాంతో దొమింగో) | 14 జూన్ 2025

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా డొమినికన్ రిపబ్లిక్‌లో ఉంటున్నాను. ఏప్రిల్ 8న ఇక్కడి రాజధాని సాంతో దొమింగోలో జెట్ సెట్ నైట్‌క్లబ్ పైకప్పు కూలిన సంగతి మన పేపర్లలో ఒక రోజు వచ్చి పోయింది. ఇక్కడ మాత్రం ఇప్పటికీ ఏ ఇద్దరు కలిసినా అదే మాట. ఆ క్లబ్బులో సోమవారం రాత్రుళ్లు మెరెంగే (ఇక్కడి నాట్య సంగీతం) కచేరీలు పెట్టడం ఏళ్లనాటి ఆనవాయితీ. ఆ రోజు కూడా కచేరీ నడుస్తుండగా అర్ధరాత్రి దాటి 12:44కి కప్పు జనం మీద పడింది. 236 మంది పోయారు. 180 మందికి పైగా గాయపడ్డారు. పాడుతున్న రబ్బీ పెరెస్ గారు శిథిలాల్లోనే పోయారు. బేస్‌బాల్ పిచ్చర్ ఒక్తావియో దోతెల్ పోయారు. మోంతే క్రిస్తి ప్రాంత గవర్నర్ నెల్సీ క్రూస్ శిథిలాల కింద నుంచే అధ్యక్షుడు అబినాదెర్‌కి ఫోన్ చేసి కప్పు కూలిందని చెప్పారు. తర్వాత ఆవిడా బతకలేదు.

మొన్న గురువారం యజమాని ఆంతోనియో ఎస్పయ్యాత్‌నీ, ఆయన సోదరి మారిబెల్‌నీ అరెస్టు చేశారు. ఆయన ఏప్రిల్‌లోనే టీవీ ఇంటర్వ్యూలో చెప్పిన విషయం నన్ను వదలడం లేదు. సీలింగ్ ప్లాస్టర్ పలకలు ఎప్పుడూ ఊడిపడుతూనే ఉండేవట, ఊడినప్పుడల్లా కొత్తవి వేయించేవాళ్లట. అంటే ఏళ్ల తరబడి కింది పలకలు మార్చారు. అవి ఎందుకు ఊడుతున్నాయో తేల్చుకోవడానికి పైనున్న స్లాబు సంగతి ఎవరూ చూడలేదు.

మా ఆఫీసులో డొమినికన్ మిత్రులు మొదటి రోజే అన్నారు, "మా వాళ్లంతే, కట్టడం తెలుసు, చూసుకోవడం తెలియదు" అని. ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోవాలని నాకు లేదు. ఇది నిజంగా ఆ సమాజం అలవాటా, లేక చట్టం లేకపోవడమా? ఇక్కడ ఇంజినీర్లు, లాయర్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

---

కొత్తబాట (గుంటూరు) | 14 జూన్ 2025

అన్నా, అలవాటే. నేను రెండు నెలలుగా దీని మీద వచ్చిన వార్తలన్నీ చదువుతున్నాను. ఒక్క ఘటన అయితే ప్రమాదం అనుకోవచ్చు. 2023 నవంబర్ 18న వానకి సాంతో దొమింగోలో 27 దె ఫెబ్రేరో అవెన్యూ అండర్‌పాస్ గోడ కార్ల మీద పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో సాన్ క్రిస్తోబాల్ ఊళ్లో వ్యాపార వీధిలో పేలుడు జరిగి 30 మందికి పైగా పోయారు. 2005లో ఇగ్వేయ్ జైల్లో మంటలంటుకుంటే 130 మందికి పైగా ఖైదీలు తగలబడిపోయారు. ప్రతిసారీ అధ్యక్షుడు వస్తాడు, సంతాప దినాలు ప్రకటిస్తారు, కమిటీ వేస్తారు. మళ్లీ ఇంకోటి. అన్నీ దేవుడి మీద వదిలేసే జనం మధ్య రూల్ పుస్తకం పెట్టి ఏం లాభం?

---

మల్లెతీగ (సాంతియాగో దె లోస్ కబయ్యేరోస్) | 15 జూన్ 2025

కొత్తబాట తమ్ముడూ, నేను ఇక్కడి ఇంటి కోడలిని. మా అత్తగారు ప్రతి మాటకీ "దేవుడి దయ ఉంటే" అంటారు, నిజమే. కానీ ఆవిడే పడుకునే ముందు గ్యాస్ సిలిండర్ కట్టేశారో లేదో లేచి వెళ్లి చూస్తారు. తుఫాను హెచ్చరిక రాగానే కిటికీలకి ప్లైవుడ్ కొట్టించడం, డబ్బాల్లో నీళ్లు పట్టడం, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టడం అన్నీ ఆవిడే దగ్గరుండి చేయిస్తారు. దేవుడి మీద వదిలేసే మనిషి ఇలా చేస్తుందా?

వీళ్లకి భయం ఉంది. అది గాలి భయం. 1930 సెప్టెంబర్‌లో సాన్ సెనోన్ హరికేన్ సాంతో దొమింగోని దాదాపు నేలమట్టం చేసింది. చెక్క గోడలు, రేకు కప్పులు, అన్నీ లేచిపోయాయి. అప్పటికి నియంత త్రుహియ్యో గద్దెనెక్కి మూడు వారాలైనా కాలేదు. తర్వాత ఊరిని తానే కట్టానని చెప్పుకుని 1936లో రాజధానికి తన పేరే పెట్టుకున్నాడు. 1979లో డేవిడ్ హరికేన్ వచ్చినప్పుడు మా అత్తగారు పడుచుపిల్ల. రేకులు కాగితాల్లా ఎగిరిపోతుంటే పక్కింటి కాంక్రీట్ డాబా కింద తలదాచుకున్నారట. ఆ రాత్రి నుంచి ఆవిడ కోరిక ఒక్కటే, స్లాబు ఇల్లు.

ఆ ఇల్లు ఎలా కట్టారో కూడా చెప్పాలి. న్యూయార్క్‌లో ఉన్న పెద్ద కొడుకు డబ్బు పంపినప్పుడల్లా కొంత. ముందు గోడలు, తర్వాత స్లాబు. స్లాబు పోసే రోజు వీధి వీధంతా వస్తుంది, పెద్ద గుండిగలో సాంకోచో (మాంసం, దుంపల పులుసు) ఉడుకుతుంది, సాయంత్రానికి పని పూర్తవుతుంది. పిల్లర్ల ఊచలు పైకి అలాగే వదిలేశారు, రెండో అంతస్తు చిన్న కొడుక్కి. ఆ ఊచలు ఇప్పటికీ వానకి తడుస్తూ తుప్పు పట్టి ఉన్నాయి. డిజైన్ ఎవరు చేశారని నేను అడిగితే మేస్త్రీ పేరు చెప్పారు. మంచి పనివాడే, ముప్ఫై ఇళ్లు కట్టాడు. కానీ రెండో అంతస్తు బరువు ఈ పునాది మోస్తుందా అని లెక్క వేసిన మనిషి మాత్రం ఎవరూ లేరు.

ఈ ఊళ్లో కాంక్రీట్ అంటే ఇక చూసుకోనక్కర్లేనిది అని అర్థం. అందుకోసమే అంత ఖర్చు పెడతారు. ఇది నిర్లక్ష్యం నుంచి వచ్చింది కాదు, రేకుల కింద బతికిన వాళ్లు కాంక్రీట్ మీద పెట్టుకున్న నమ్మకం నుంచి వచ్చింది.

---

స్లాబు_లెక్కలు (హైదరాబాద్, స్ట్రక్చరల్ ఇంజినీర్) | 15 జూన్ 2025

మల్లెతీగ గారు చెప్పింది మా వృత్తి వాళ్లు గోడ మీద రాసుకోవాల్సిన విషయం. గాలికి బరువైన కప్పు మంచిది. అదే బరువు భూకంపానికి చెడ్డది. ఏళ్లు గడిచే కొద్దీ దాని మీద ఇంకా బరువు చేరితే భూకంపం కూడా అక్కర్లేదు.

జెట్ సెట్ భవనం ముందు సినిమా హాలు. హాలు అంటే మధ్యలో పిల్లర్ ఉండదు, గోడ నుంచి గోడకి పొడుగాటి బీములు. ఒక బీము లొంగితే ఆ బరువు పంచుకోవడానికి పక్కన ఏమీ ఉండదు. ఇప్పుడు దాని మీద ఏం చేరుతూ పోయిందో ఊహించండి. వాన నీరు నిలుస్తోందని వాలు కోసం సిమెంట్ పొర వేస్తారు. కారడం ఆగకపోతే పాతది తీయకుండానే దాని మీద ఇంకో పొర, పైన తారు షీటు. కొన్నేళ్లకి మళ్లీ అదే. ఆ పైన ఏసీ యూనిట్లు, వాటికి దిమ్మెలు, నీళ్ల ట్యాంకు.

5 సెంటీమీటర్ల సిమెంట్ పొర ఒక చదరపు మీటరుకి 100 కిలోల పైచిలుకు బరువు. భవనాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరగని డాబాకి చదరపు మీటరుకి 75 కిలోలు, తిరిగే డాబాకి 150 కిలోలు చొప్పున లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల లాంటి వచ్చిపోయే బరువు) లెక్కకి తీసుకుంటాం. అంటే రెండు పొరలు అదనంగా పడ్డాయంటే మనుషుల కోసం ఉంచిన వెసులుబాటు మొత్తం సిమెంటే తినేసింది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను, అదీ ఒకే చోట. ఏ ఒక్క పనీ చూస్తే తప్పనిపించదు. కారుతోంది, అతుకు వేశారు. వేడిగా ఉంది, ఏసీ పెట్టారు. మొత్తం ఎంతైందని కూడిన వాళ్లు లేరు. ప్రాసిక్యూషన్ వాదన కూడా ఇదే, ఇంజినీరింగ్ అధ్యయనం లేకుండా కప్పు మీద బరువులు పెంచుకుంటూ పోయారని.

2023లో పిడుగు పడి ఆ భవనంలో మంటలు కూడా వచ్చాయి. అలాంటిది జరిగాక ఏ భవనమైనా ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించాలి. కాంక్రీట్ వేడెక్కితే దాని బలం మారుతుంది.

---

రిటైర్డ్_ఏఈ (విశాఖపట్నం) | 16 జూన్ 2025

నేను పురపాలక శాఖలో ఏఈగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా సముద్రం పక్క ఊళ్లలోనే. సాంతో దొమింగో కూడా సముద్రపు ఒడ్డు, ఆ క్లబ్బు ఉన్న ఇందిపెందెన్సియా అవెన్యూ తీరానికి దగ్గరే. ఉప్పు గాలి ఊరికే పోదు. కాంక్రీట్‌లోకి చెమ్మతో పాటు ఉప్పు దిగుతుంది, లోపలి ఊచ తుప్పు పడుతుంది. ఆ తుప్పు అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీట్‌ని లోపల్నుంచి తోసేస్తుంది. పెచ్చులూడటం అంటే అదే. పెచ్చు ఊడిందంటే లోపల పని చాలా రోజుల క్రితమే మొదలైందన్నమాట.

ఫాల్స్ సీలింగ్ ఉన్న చోట ఇంకా ప్రమాదం, ఎందుకంటే పెచ్చులు కనబడవు. నీటి మరక పడిన పలక మార్చేస్తారు, పైన ఏమవుతోందో చూడరు. నేను ఆఖరు రోజుల్లో తనిఖీకి వెళ్తే ముందు నిచ్చెన అడిగేవాణ్ని. పలక పక్కకి జరిపి టార్చి వేసి చూస్తే పది నిమిషాల్లో సగం సంగతి తెలిసిపోతుంది.

సముద్రపుగాలి గారూ, మీరుండే అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ ఉందా? అక్కడ స్లాబు అడుగు ఎలా ఉంది?

---

సముద్రపుగాలి | 17 జూన్ 2025

ఉందండి. మీరు అడిగాక ఫోన్ లైటుతో చూశాను. మూడో పిల్లర్ దగ్గర మూరెడు పొడుగున పెచ్చు లేచి ఊచ కనిపిస్తోంది. ఇక్కడ డిసెంబర్‌లో పండగకి ఇళ్లకి రంగులు వేయడం ఆచారం. మా పార్కింగుకి కూడా వేశారు. ఆ ఊచ మీద కూడా అదే తెల్ల రంగు ఉంది. బ్రష్ పట్టిన మనిషి ఊచని చూశాడు, దాని మీదే వేసుకుంటూ పోయాడు. అతన్ని అనడానికి లేదు, అతనికి చెప్పింది రంగు వేయమనే.

వాచ్‌మన్‌ని అడిగితే "ఎప్పట్నుంచో అలాగే ఉంది సార్, ఏం కాదు" అన్నాడు.

---

రిటైర్డ్_ఏఈ | 17 జూన్ 2025

ఎప్పట్నుంచో ఉందంటే అది ధైర్యం కాదు బాబూ, అన్ని రోజులు తుప్పు నడిచిందని. చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా కొట్టించండి. బోలు మోత వచ్చినంత మేరా కాంక్రీట్ ఊచని వదిలేసిందని గుర్తు. ఆ మేర చాక్‌పీసుతో గీసి ఫొటో తీయండి. ఇంజినీరు వచ్చేదాకా ఆ పిల్లర్ పక్కన బండ్లు పెట్టకుండా తాడు కట్టండి. ఎట్టి పరిస్థితిలోనూ సిమెంట్ పూసి మూయనివ్వకండి. తుప్పు గీకి, ఊచ ఎంత సన్నబడిందో కొలిచి, అప్పుడు మందు వేసి పూడ్చాలి.

---

చట్టం_చదువు (విజయవాడ, న్యాయవాది) | 20 జూన్ 2025

చట్టం సంగతి. అక్కడ నిబంధనలు లేకపోలేదు. పట్టణాల్లో నిర్మాణాల మీద 1944 నాటి 675వ నంబరు చట్టం ఉంది. ఇంజినీరింగ్ నియమావళి తయారీకి 1982లో 687వ చట్టం చేశారు. 2011లో భూకంప నిరోధక డిజైన్‌కి ఆర్-001, అగ్ని భద్రతకి ఆర్-032 వచ్చాయి. 2021లో 160-21 చట్టంతో గృహ నిర్మాణ, భవనాల మంత్రిత్వ శాఖ పెట్టి అనుమతులు దాని చేతికిచ్చారు.

ఇవన్నీ కట్టేటప్పటి సంగతి. ప్లాన్, అనుమతి, పని జరుగుతుండగా తనిఖీ. కట్టడం పూర్తై తాళం చేతికిచ్చాక ప్రైవేటు భవనం మొహం మళ్లీ చూడాల్సిన బాధ్యత ఏ శాఖకీ లేదు. ఈ ప్రమాదం తర్వాత ప్రభుత్వమే ఒప్పుకుంది, ప్రైవేటు భవనాలను నిర్ణీత కాలానికోసారి తనిఖీ చేసే చట్టపరమైన ఏర్పాటు తమకి లేదని. సినిమా హాలు నైట్‌క్లబ్ అయింది. వాడకం మారింది, కప్పు మీద బరువు మారింది. ఇవాళ ఇది ఎంత మోస్తుందని అడిగే అధికారం, అడగాల్సిన విధి ఎవరికీ లేవు.

ఇక శిక్ష. పెట్టిన కేసు నిర్లక్ష్యం వల్ల ప్రాణనష్టం. వాళ్ల శిక్షాస్మృతి 319వ సెక్షన్‌లో దానికి 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకానే జైలు. ఈ వారం కోర్టు ఒక్కొక్కరికి 5 కోట్ల పెసోల పూచీకత్తు మీద విడుదలకి ఒప్పుకుంది. 236 ప్రాణాలకి గరిష్ఠం రెండేళ్లంటే బాధిత కుటుంబాలు కోర్టు బయట ఏడవకుండా ఎలా ఉంటాయి? కేసు తేలలేదు కాబట్టి నేరం ఎవరిదని నేను అనను. కానీ ఇంత తక్కువ శిక్ష ఉన్న చోట నిర్వహణ ఖర్చుకన్నా నిర్లక్ష్యమే చౌక. కొత్తబాట గారు అలవాటు అంటున్నది చాలావరకు ఈ లెక్క నుంచి పుట్టిందేనని నా అభిప్రాయం.

---

హడ్సన్_ఒడ్డు (న్యూయార్క్) | 21 జూన్ 2025

నేను డొమినికన్లు ఎక్కువగా ఉండే వాషింగ్టన్ హైట్స్ పక్కన ఉంటాను. ఏప్రిల్‌లో ఆ వారమంతా మా వీధుల్లో దుకాణాల ముందు కొవ్వొత్తులు, లోపల రబ్బీ పెరెస్ పాటలు. చాలామందికి అక్కడ చనిపోయిన వాళ్లు బంధువులో, తెలిసినవాళ్లో.

ఇక్కడ అపార్ట్‌మెంట్ల బాగోగులు చూసే సూపర్‌లలో చాలామంది డొమినికన్లు. మా భవనం సూపర్ డొమినికన్ రిపబ్లిక్‌లోని సీబావ్ ప్రాంతం మనిషి. బాయిలర్ తనిఖీ తేదీ, లిఫ్టు తేదీ, బయటి గోడల రిపోర్టు, అన్నీ నోటి లెక్కన చెబుతాడు. నేను పెద్దాయన్ని అడిగాను, మీ ఊళ్లో కూడా ఇలాగే చూసుకునేవారా అని. "అక్కడ ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు, జరిమానా వేస్తారు" అన్నాడు. మనిషి అదే మనిషి.

ఇక్కడి రూల్ కూడా ఊరికే రాలేదు. 1979లో ఎగువ మన్‌హాటన్‌లో భవనం పైనుంచి రాతి ముక్క ఊడిపడి ఒక కాలేజీ అమ్మాయి చనిపోయింది. 1980లో లోకల్ లా 10, 1998లో దాన్ని కఠినం చేస్తూ లోకల్ లా 11 వచ్చాయి. ఆరంతస్తులు దాటిన ప్రతి భవనం బయటి గోడలు అయిదేళ్లకోసారి ఇంజినీరు చూసి రిపోర్టు ఇవ్వాలి.

అమెరికా అంటే అంతా సవ్యంగా ఉందని కాదు. 2021 జూన్ 24న ఫ్లోరిడా సర్ఫ్‌సైడ్‌లో అపార్ట్‌మెంట్ కూలి 98 మంది పోయారు. 2018లోనే ఇంజినీరు రాసిచ్చాడు, ఈత కొలను చుట్టూ స్లాబుకి వాలు లేదని, నీరు నిలిచి వాటర్ ప్రూఫింగ్ పాడై కాంక్రీట్ దెబ్బతింటోందని. మరమ్మతుకి కోటిన్నర డాలర్లు. ఎవరెంత వేసుకోవాలని ఓనర్లు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు, పని పూర్తయ్యేలోపే పోయింది. డబ్బున్న వాళ్లు, చదువుకున్న వాళ్లు, తనిఖీ చట్టం కూడా ఉన్న చోటు. దాన్ని అమెరికన్ సంస్కృతి అని ఎవరూ అనలేదు. పేద దేశంలో జరిగితే మాత్రం జనం స్వభావం అంటాం.

---

కొత్తబాట | 21 జూన్ 2025

హడ్సన్ అన్నా, మీరు చెప్పినదాన్ని బట్టి కూడా అలవాటు ఉందనే తేలుతోంది కదా. అడిగే వాడు లేకపోతే చూసుకోరు. మన ఇంటి కప్పు మన నెత్తి మీద పడుతుందని ఇంకొకడు వచ్చి చెప్పాలా? క్లబ్బులో పనిచేసే వాళ్లకి ముందే తెలుసని, పైవాళ్లకి చెప్పారని కూడా వార్తలొచ్చాయి. ఆ రాత్రి కూడా పలకలు రాలాయట. వాళ్లెందుకు తలుపు మూసేయలేదు?

---

గోదారి_లంక (భద్రాచలం) | 22 జూన్ 2025

అక్కడిదాకా ఎందుకు, మార్చి 26న మా భద్రాచలంలోనే కడుతున్న భవనం కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. పాత కట్టడం మీద అంతస్తులు లేపుకుంటూ పోయారు. మల్లెతీగ అక్క చెప్పిన ఊచల సంగతి చదువుతుంటే మా వీధే కళ్ల ముందు కనిపించింది.

---

వేదిక_నిర్వాహకులు | 22 జూన్ 2025

భద్రాచలం ఘటన మీద వేరే చర్చ నడుస్తోంది, వివరాలు అక్కడ రాయండి. ఇక్కడ డొమినికన్ రిపబ్లిక్ విషయం మీదే ఉందాం.

---

మల్లెతీగ | 22 జూన్ 2025

తలుపు ఎందుకు మూసేయలేదని అడిగావు కదా తమ్ముడూ, ఇక్కడ ఉద్యోగం ఎలా దొరుకుతుందో చెబుతాను. బావమరిది చెబితే, మేనమామ పూచీ పడితే, పార్టీ మనిషి ఒక మాట వేస్తే. చాలా చోట్ల యజమానే పిల్లల ఫీజుకి అప్పిస్తాడు, ఇంట్లో చావైతే శవపేటికకి డబ్బిస్తాడు. అలాంటి మనిషితో "మీ కప్పు బాగాలేదు, కచేరీ ఆపండి" అనడం అంటే తన నోటి దగ్గర కూడే కాదు, తనకి ఉద్యోగం ఇప్పించిన వాడి పరువు కూడా తీయడం. అందుకే చెప్పేవాళ్లు మెల్లగా చెబుతారు, ఒక మెసేజ్ పెడతారు, విన్నాడో లేదో చూసి ఊరుకుంటారు.

వీధిలో కూడా అంతే. మా వెనక వీధిలో ఒకాయన మూడంతస్తుల మీద నాలుగోది లేపాడు. పక్కింటి గోడకి పగుళ్లు వచ్చాయి. ఆవిడ మునిసిపాలిటీకి వెళ్లలేదు. "రేపు నాకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేది వాళ్లే కదా" అంది. ఆ మాట విని నేను ఆవిడతో వాదించలేకపోయాను. కానీ ఆ గోడ పక్కనే ఆవిడ మనవరాలు పడుకుంటుంది, అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

కాబట్టి సంస్కృతి లేదని నేను అనను. ఉంది. కాకపోతే అది బద్ధకమూ కాదు, వేదాంతమూ కాదు. ఒకరి మీద ఒకరు ఆధారపడి బతికే చోట ఫిర్యాదు చేస్తే బంధం తెగుతుంది. తెగకుండా ఫిర్యాదు చేసే దారి ఆ ప్రభుత్వం ఎప్పుడూ చూపించలేదు.

---

స్లాబు_లెక్కలు | 23 జూన్ 2025

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. ఆ ద్వీపం భూకంపాల మీద కూర్చుని ఉంది. ఉత్తరాన సెప్తెంత్రియోనాల్ ఫాల్ట్ (భూమి పొరల్లో పగులు), దక్షిణాన ఎన్రికియ్యో ఫాల్ట్. 1946 ఆగస్టు 4న దాదాపు 8 తీవ్రతతో వచ్చింది, సునామీ కూడా లేచింది. 2003 సెప్టెంబర్ 22న ప్వేర్తో ప్లాతాలో 6.5 దరిదాపుల్లో వచ్చినప్పుడు బడి భవనాలు కూలాయి. అది అర్ధరాత్రి దాటాక రావడం వల్ల పిల్లలు ఇళ్లలో ఉన్నారు. అదే పగలు పదకొండింటికి వచ్చి ఉంటే?

భవనాల భూకంప బలహీనత చూడటానికి ఒనెస్వియె అనే సంస్థని 2001లో పెట్టారు. బడులు, ఆస్పత్రులు చూసి నివేదికలిస్తుంది. వాళ్ల ఇంజినీర్లు పని తెలిసిన వాళ్లు. కానీ నివేదిక ఇవ్వడమే వాళ్ల పని, భవనం మూయించే అధికారం ఉండాలి కదా! 2010లో పక్కనే హైతీలో పోర్తో ప్రెన్స్ నేలమట్టమైంది. ఆ మరుసటి ఏడాది ఆర్-001 వచ్చింది. చావు ఎంత దగ్గర్లో జరిగితే రూల్ అంత తొందరగా వస్తుంది. మంచిదే, కానీ ఆర్-001 కొత్త భవనాలకి. అంతకుముందు కట్టిన వేల బడులు, హాళ్లు, డాబా ఇళ్లు అలాగే ఉన్నాయి.

---

హడ్సన్_ఒడ్డు | 24 జూన్ 2025

తనిఖీ ఉంటే సరిపోదని కూడా ఒక మాట. 2023 డిసెంబర్‌లో ఇక్కడ బ్రాంక్స్‌లో ఏడంతస్తుల అపార్ట్‌మెంట్ మూల సగం కూలింది. డొమినికన్ కుటుంబాలు చాలా ఉండే ప్రాంతమే. అదృష్టం కొద్దీ ఎవరూ పోలేదు. తనిఖీ చేసిన ఇంజినీరు బరువు మోసే పిల్లర్‌ని అలంకారం కోసం కట్టిన ఇటుకగా గీశాడు, పనివాళ్లు దాన్ని విప్పేశారు. ఆ ఇంజినీరుని బయటి గోడల తనిఖీల నుంచి రెండేళ్లు తప్పించారు.

---

కొత్తబాట | 24 జూన్ 2025

సరే, రేపు అక్కడ తనిఖీ చట్టం వచ్చిందనుకుందాం. లంచం ఇచ్చి కాగితం రాయించుకోరా? తనిఖీ చేసిన వాణ్ని ఎవరు తనిఖీ చేస్తారు? చట్టం_చదువు గారు, రిటైర్డ్ ఏఈ గారు, ఇద్దరూ దీనికి జవాబు చెప్పాలి.

---

రిటైర్డ్_ఏఈ | 25 జూన్ 2025

తప్పకుండా చెబుతాను. నా సర్వీసులో ఒత్తిళ్లు చూశాను. రాత్రి పది దాటాక ఫోన్లొచ్చేవి. తట్టుకోవడానికి నాకు పనికొచ్చింది ఒక్కటే, నేను రాసింది ఇంకొకరు చదువుతారన్న భయం వాళ్లకి ఉండటం. ఫైలు బీరువాలో ఉన్నంతసేపు అది ఎవరి చేతిలోనైనా మారుతుంది. భవనం ముందు బోర్డు మీద తేదీ, ఇంజినీరు పేరు, లైసెన్స్ నంబరు, ఈ హాల్లో ఎంతమంది పట్టవచ్చో, కప్పు మీద ఎంత బరువు పెట్టవచ్చో రాసి అంటించారనుకోండి, అది మార్చడం కష్టం. టికెట్ కొనే ప్రతివాడూ చదువుతాడు. క్లబ్బులో వెయిటర్‌కి కూడా యజమానితో గొడవ పడకుండా చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. మల్లెతీగ అమ్మ చెప్పిన ఇబ్బందికి నాకు తోచిన మందు ఇదే.

---

చట్టం_చదువు | 25 జూన్ 2025

ఏఈ గారి మాటకి రెండు కలుపుతాను. మొదటిది, సంతకం పెట్టిన ఇంజినీరు బాధ్యత. అక్కడ కోదియా అని ఇంజినీర్లు, ఆర్కిటెక్టుల సంఘం చట్టబద్ధంగానే ఉంది. తప్పుడు ధ్రువపత్రం ఇస్తే సభ్యత్వం, లైసెన్స్ రెండూ పోయేలా రాయాలి. రెండోది బీమా. జనం గుమికూడే ప్రతి హాలుకీ బీమా తప్పనిసరి చేస్తే కంపెనీ తన డబ్బు కాపాడుకోవడానికైనా తన ఇంజినీరుని కప్పెక్కిస్తుంది. ప్రభుత్వ తనిఖీదారుని కొనగలిగిన వాడు బీమా కంపెనీని అంత తేలిగ్గా కొనలేడు.

చిన్న ఇళ్లకి ఇవేవీ పనికిరావు. మల్లెతీగ గారి అత్తగారి లాంటి వాళ్ల మీద జరిమానాలు వేస్తే ఇల్లు కట్టుకోవడమే మానేస్తారు, లేదా చాటుగా కడతారు. వాళ్లకి కావాల్సింది రెండో అంతస్తు వేసే ముందు ఉచితంగా వచ్చి చూసి చెప్పే మునిసిపల్ ఇంజినీరు.

---

మల్లెతీగ | 26 జూన్ 2025

చట్టం_చదువు గారూ, ఆ ఇంజినీరు మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. మేస్త్రీని తప్పించి ఏం చెప్పినా ఈ వీధిలో ఎవరూ వినరు. మా మేస్త్రీతో నిన్న నేనే మాట్లాడాను. పైకి వదిలిన ఊచలకి ముందు సిమెంట్ పాలు పూసి గుడ్డ చుట్టమన్నాను. రెండో అంతస్తు మాట మాత్రం మా పెద్ద బావగారు ఆగస్టులో న్యూయార్క్ నుంచి వచ్చినప్పుడు, ఇక్కడి యూనివర్సిటీలో సివిల్ చదివిన మా మరిది స్నేహితుణ్ని పిలిచి, పునాది తవ్వి చూశాకే. మా అత్తగారు ఒప్పుకున్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే, తవ్వేటప్పుడు మల్లె పందిరి పాడుచేయొద్దని.

---

స్లాబు_లెక్కలు | 26 జూన్ 2025

మల్లెతీగ గారూ, తవ్వినప్పుడు పునాది అడుగు వెడల్పు, లోతు, పిల్లర్‌లో ఊచల సంఖ్య, మందం కొలిచి ఫొటోలతో పంపండి. ఒకే పిల్లర్ దగ్గర కాకుండా మూల పిల్లర్ ఒకటి, మధ్య పిల్లర్ ఒకటి చూడమనండి. మధ్య పిల్లర్ మీదే ఎక్కువ బరువు పడుతుంది. లెక్క నేను వేసి పంపుతాను, సంతకం మాత్రం అక్కడి లైసెన్స్ ఉన్న ఇంజినీరే పెట్టాలి.